మాయన్ క్యాలెండర్ యుగాంతం మెసేజ్ మళ్లీ తిరుగుతోంది, లెక్క ఎక్కడ తప్పిందో చెప్పండి

గోదారిగట్టు
2020 జూన్ 21న చూడామణి సూర్యగ్రహణానికి ముందు వాట్సాప్‌లో ఊరేగిన మెసేజే మళ్లీ బయల్దేరింది. దాని వాదన ఇది. జూలియన్ క్యాలెండర్ నుంచి గ్రెగోరియన్‌కి మారాక ఏడాదికి 11 రోజులు పోతున్నాయట. 1752 నుంచి 2020 దాకా 268 ఏళ్లు. 268 × 11 = 2948 రోజులు. 365తో భాగిస్తే 8 ఏళ్లు. కాబట్టి మాయన్లు (మెక్సికో, గ్వాటెమాలా వైపు పాత నాగరికత వాళ్లు) యుగాంతమని చెప్పిన 2012 నిజానికి 2020 అట. ఇప్పుడు ఇదే లెక్కకి ఇంకో తేదీ తగిలించి పంపుతున్నారు. ఉత్తదే అని కొట్టిపారేస్తే ఎవరూ వినట్లేదు, అంకెలు వేసి చూపించాడుగా అంటున్నారు. అంకెలకి అంకెలతోనే జవాబు కావాలి. తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి.

వేపచెట్టు
గ్రహణం, యుగాంతం రెండూ ఒకే రోజున పెడితే ఇక ఎవరు ఆపగలరు దాన్ని.

లెక్కలమాస్టారు
గోదారిగట్టు గారూ, ఆ 11 రోజులు పోయింది ఏటా కాదు, ఒక్కసారే. బ్రిటన్‌లోనూ దాని వలసల్లోనూ 1752 సెప్టెంబర్ 2 బుధవారం. మర్నాడు గురువారమే, కానీ తేదీ మాత్రం సెప్టెంబర్ 14. వారం వరస తెగలేదు చూడండి. జనం జీవితంలోంచి ఒక్క పగలూ పోలేదు, రాత్రీ పోలేదు. పోయినవి 3 నుంచి 13 దాకా తేదీల పేర్లు. దాన్ని 268తో గుణించడం అంటే, ఇంటి నంబర్లు ఒకసారి మార్చినందుకు ఏటా వీధి పొడుగు తగ్గుతోందని అనడమే.

పైగా స్పెయిన్ ఆ మార్పు 1582లోనే చేసేసింది. అక్టోబర్ 4 గురువారం, మర్నాడు అక్టోబర్ 15 శుక్రవారం. అక్కడ దాటేసినవి 10 తేదీలు. మాయా ప్రాంతాన్ని ఏలింది స్పెయిన్ గనక ఈ విషయంలో 1752కి సంబంధమే లేదు.

ఇంకొకటి. వాళ్ల అంకెనే తీసుకుని చివరిదాకా వేద్దాం. 2012 డిసెంబర్ 21కి 2948 రోజులు కలపండి. 8 ఏళ్లంటే 2922 రోజులు (2016, 2020 లీపు). మిగిలినవి 26. అంటే 2021 జనవరి 16 వస్తుంది. జూన్ 21 రానే రాదు. తేదీ ముందు రాసుకుని లెక్క తర్వాత అతికించారు.

సందేహం
మాస్టారూ, 2012 డిసెంబర్ 21 అనేది మాత్రం ఎక్కడిది? అది కూడా ఎవరో అతికించిందేనా?

లెక్కలమాస్టారు
కాదు, ఆ తేదీ నిజమైనదే. దానికి కట్టిన అర్థం తప్పు.

మాయా వాళ్ల దీర్ఘగణనలో అయిదు అంకెలు. కిన్ అంటే 1 రోజు. 20 కిన్‌లు ఒక వినాల్. 18 వినాల్‌లు ఒక తున్, 360 రోజులు. 20 తున్‌లు ఒక కతున్, 7200 రోజులు. 20 కతున్‌లు ఒక బక్తున్, 1,44,000 రోజులు. 13 బక్తున్‌లంటే 18,72,000 రోజులు. మొదలు క్రీ.పూ. 3114 ఆగస్టు 11. అక్కణ్ణించి 18,72,000 రోజులు లెక్కపెడితే 2012 డిసెంబర్ 21. ఆ రోజుని బక్తున్ ముందు, కిన్ చివర పెట్టి 13.0.0.0.0 అని రాస్తారు.

చాలామంది బోల్తా పడేది 18 దగ్గర. అన్నీ ఇరవైల లెక్కే కానీ వినాల్ మాత్రం 17 దాకా వెళ్లి సున్నా అవుతుంది. అది మరిచి అక్కడ కూడా 19 దాకా లెక్కపెడితే తున్ 400 రోజులైపోతుంది, ఇక లెక్కంతా చెడుతుంది. ఇంకో తప్పు, 360 రోజుల తున్‌ని మన ఏడాది అనుకోవడం. 13 × 400 = 5200 తున్‌లు. దాన్ని 5200 ఏళ్లని రాసేస్తారు. అసలు 18,72,000ని 365.2425తో భాగించాలి, 5125.4 ఏళ్లు.

చందమామ
అయితే లీపు రోజులు కలపలేదు కాబట్టి యుగాంతం ఎప్పుడో అయిపోవాలి అని ఒక బొమ్మ తిరిగేది, అది సరైనదేనా? అందులో యుగాంతాన్ని ఎగతాళి చేశారుగా, మన పక్షమే అనుకున్నా.

లెక్కలమాస్టారు
మన పక్షమైనా తప్పు తప్పే. దీర్ఘగణన రోజుల్ని లెక్కపెడుతుంది, ఏళ్లని కాదు. లీపు రోజు వాళ్లకి ఇంకో కిన్, అంతే. లీపు ఏళ్ల గొడవ మన క్యాలెండర్ వైపుది, తేదీ మార్చేటప్పుడు మనం చూసుకోవాల్సింది. అది చూసుకున్నాకే డిసెంబర్ 21 వచ్చింది. ఇంకోసారి కలిపితే రెండుసార్లు కలిపినట్టు.

పంచాంగం_పిచ్చి
ఇది మనవాళ్లకి కొత్త కాదండీ. సిద్ధాంత గ్రంథాల్లో అహర్గణం అంటారు, కలియుగం మొదలైన దగ్గర్నుంచి గడిచిన రోజుల సంఖ్య. గ్రహాల లెక్క మొత్తం దాని మీదే నడుస్తుంది. కలి ప్రారంభం క్రీ.పూ. 3102 ఫిబ్రవరి 18, శుక్రవారం. 2012 డిసెంబర్ 21కి కలి అహర్గణం 18,67,817. ఏడుతో భాగించండి, శేషం సున్నా, అంటే మళ్లీ శుక్రవారం. ఆ రోజు శుక్రవారమే. అహర్గణం వేసినవాడు తప్పు చేశాడా లేదా చూసుకోడానికి పూర్వం నుంచి ఉన్న పద్ధతి ఇదే, వారంతో సరిచూడటం.

ఇంకా దగ్గరి పోలిక మన అరవై ఏళ్లు. ప్రభవతో మొదలై అక్షయతో ముగుస్తుంది. అక్షయ అయిపోతే ఏమవుతుంది? మర్నాడు ఉగాది పచ్చడి తిని ప్రభవ అంటాం. 2012లో ఈ గోల జరిగినప్పుడు మనకి నందన నామ సంవత్సరం, చక్రంలో 26వది.

మయసభ
నేనొకటి చెబుతా, తిట్టకండి. మాయన్ అంటే మన మయుడే. పాతాళంలో కట్టడాలు కట్టాడని చదువుకున్నాం కదా. వాళ్ల మొదలు 3114, మన కలి 3102. 12 ఏళ్ల తేడా ఒక లెక్కా? పైగా 1,44,000 × 3 = 4,32,000. కలియుగం 4,32,000 ఏళ్లు. ఇదంతా కాకతాళీయమేనా?

పంచాంగం_పిచ్చి
తిట్టను కానీ ఒప్పుకోను. 1,44,000 రోజులు. 4,32,000 ఏళ్లు. రోజుల్ని మూడుతో గుణిస్తే ఏళ్లు ఎలా అవుతాయి? 1,44,000 ఎక్కణ్ణించి వచ్చిందంటే 20 × 20 × 360. వాళ్లు కాలివేళ్లతో కలిపి ఇరవైల్లో లెక్కపెట్టేవాళ్లు, మనం పదుల్లో. 360 రెండు చోట్లా కనపడుతుంది, ఎందుకంటే ఏడాదికి దగ్గర్లో తేలిగ్గా భాగించడానికి వీలైన సంఖ్య అది. మన ఏడు రోజుల వారం వాళ్లకి లేదు. వాళ్ల 260 రోజుల చక్రం మనకి లేదు. నక్షత్రాలు, తిథులు పట్టుకెళ్లిన మయుడు వారాన్ని ఇక్కడ వదిలేసి వెళ్లాడా?

లెక్కలమాస్టారు
ఆ 12 ఏళ్ల తేడా కూడా జాగ్రత్తగా తీయాలి. 3114 ఆగస్టు 11 గ్రెగోరియన్ తేదీ, 3102 ఫిబ్రవరి 18 జూలియన్ తేదీ. రెంటినీ నేరుగా తీసేస్తే తప్పు. ఆగస్టు 11 జూలియన్‌లో సెప్టెంబర్ 6. రోజుల్లో తేడా సరిగ్గా 4183. అంటే పదకొండున్నర ఏళ్ల లోపే.

రాతిబొమ్మ
మయసభ గారూ, పేరు గురించి. మాయా అన్న మాట యుకతాన్ ద్వీపకల్పం వైపుది, మాయపాన్ అనే నగరం పేరుతో ముడిపడింది. టికాల్, పాలెంకే నగరాలు కట్టినవాళ్లు తమని మాయా అని పిలుచుకున్న ఆధారం లేదు, ఏ ఊరి రాజ్యం వాళ్లు ఆ ఊరి పేరే చెప్పుకున్నారు. శబ్దం కలిసిందని మనిషిని కలిపేయకూడదు. అక్కడివాళ్లు ఆ అడవుల్లో రాయి కోసి, సున్నం కాల్చి కట్టుకున్న నగరాలు అవి. ఆ పని వాళ్ల చేతుల్లోంచి లాక్కుని ఇంకొకరికి ఇవ్వడం నాకు బాధగా ఉంటుంది.

మయసభ
రోజులు, ఏళ్లు కలిపేశానన్నది ఒప్పుకుంటున్నా. మిగతాది ఆలోచిస్తా.

గోదారిగట్టు
అసలు మాయా వాళ్లు 2012 గురించి ఏమీ రాయలేదా? మొత్తం కల్పితమేనా?

వేపచెట్టు
ఏమీ రాయలేదు. అంతా టీవీ వాళ్లు పుట్టించారు.

రాతిబొమ్మ
లేదు వేపచెట్టు గారూ, అలా అంటే రేపు ఎవరో ఆ శాసనం ఫొటో తెచ్చి మన నోరు మూయిస్తారు. రాశారు. మెక్సికోలో తబాస్కో రాష్ట్రంలో టోర్టుగెరో అనే చోట దొరికిన 6వ నంబరు శిల. ఆంగ్ల అక్షరం టీ ఆకారంలో ఉంటుంది. ఆ స్థలం 1960ల్లో సిమెంటు ఫ్యాక్టరీ దెబ్బకి చాలావరకు నాశనమైంది, శిల ముక్కలైంది. మనకి కావాల్సిన చివరి వరుసలో, కీలకమైన అక్షరాల మీదుగానే పగులు పోయింది.

చదవగలిగినంత వరకు అందులో ఉన్నది ఇది. క్రీ.శ. 669లో, వాళ్ల లెక్కలో 9.11.16.8.18న, బాలం అహౌ అనే రాజుకి సంబంధించిన ఒక కట్టడం ప్రతిష్ఠ జరిగింది. అక్కణ్ణించి ముందుకి లెక్కపెట్టి, 13వ బక్తున్ ముగుస్తుంది, వాళ్ల రోజుల చక్రాల్లో 4 అహౌ 3 కన్‌కిన్ నాడు, అప్పుడు బోలోన్ యోక్తె అనే దేవుడికి సంబంధించిన ఒక వేడుక జరుగుతుంది అని ఉంది. ఆ క్రియాపదం దగ్గరే రాయి చెడింది గనక పండితుల పాఠాలు కొంచెం తేడాగా ఉంటాయి. కానీ ఏ పాఠంలోనూ భూమి బద్దలవదు, సముద్రం పొంగదు, జనం చావరు.

ఇలా ముందు తేదీకి ముడిపెట్టడం వాళ్ల శాసనాల్లో మామూలు. మన దానశాసనాల్లో ఆచంద్రార్కం అని రాస్తారే, దాదాపు ఆ ఉద్దేశమే. నా గుడి చిన్నది కాదు, మహాకాలంతో ముడిపడింది అని చెప్పుకోవడం.

సందేహం
ఇదొక్కటేనా?

రాతిబొమ్మ
2012లోనే గ్వాటెమాలాలోని లా కొరోనాలో ఇంకొకటి బయటపడింది, మెట్ల రాయి మీద. అది 696లో కలక్ముల్ రాజు యుక్నోమ్ యిచాక్ కాక్ ఆ ఊరు వచ్చినప్పటిది. అంతకుముందు ఏడాదే టికాల్ చేతిలో ఓడిపోయాడు. తన ఏలుబడిలో 13వ కతున్ నిండింది గనక 13 కతున్‌ల ప్రభువునని చెప్పుకుంటూ, దాన్ని 13 బక్తున్‌లు నిండే రోజుతో కలిపాడు. ఓడిన రాజు పరువు నిలబెట్టుకునే ప్రయత్నం, జోస్యం కాదు.

అసలు యుగాంతం వాదాన్ని పడగొట్టేది పాలెంకే. అక్కడ శాసనాల గుడిలో పాకాల్ రాజు పట్టాభిషేకం క్రీ.శ. 615లో జరిగిందని చెప్పి, ఆ రోజు మళ్లీ మళ్లీ తిరిగొచ్చేది ఎప్పుడో ముందుకి లెక్కపెట్టారు. వాళ్ల 52 ఏళ్ల చక్రాలు 80 తిరిగితే క్రీ.శ. 4772 అక్టోబర్. 2012లో అంతా ఐపోతుందని నమ్మినవాడు 4772లో రాజు పట్టాభిషేక వార్షికోత్సవం చెక్కిస్తాడా?

యుకతాన్‌లోని కోబాలో 1వ శిల మీద బక్తున్ పైన ఇంకా 19 స్థానాలు ఉన్నాయి, అన్నిట్లోనూ 13. ఆ లెక్క మొత్తం తిరగాలంటే విశ్వం వయసు చాలదు.

డాలస్_తెలుగు
షుల్తున్ గోడ లెక్కలు కూడా చెప్పండి రాతిబొమ్మ గారూ. 2012 మే నెలలో ప్రచురించారు, విలియం సాటర్నో బృందం. గ్వాటెమాలాలో ఒక చిన్న గది, గోడ మీద 9వ శతాబ్దం నాటి గుమాస్తా లెక్కలు, చంద్రుడివీ గ్రహాలవీ. అందులో సుమారు 7000 ఏళ్ల అంతరాలు వేశారు.

రాతిబొమ్మ
అవును. రాజు గొప్ప కోసం చెక్కింది కాదు, పనిచేసేవాళ్లు గోడ మీద వేసుకున్న చిత్తు. అందుకే నాకు అది ఎక్కువ ఇష్టం.

చందమామ
మరి ప్రళయం అన్న మాట ఎక్కడ తగులుకుంది?

డాలస్_తెలుగు
విచారమేమిటంటే మొదటి విత్తనం వేసింది పెద్ద పండితుడే. మైకేల్ కో 1966లో మాయాల మీద రాసిన పుస్తకంలో 13వ బక్తున్ చివర ప్రపంచం నాశనమవుతుందనే సూచన చేశాడు. ఆ మొదటి ముద్రణలో తేదీ 2011 డిసెంబర్ 24 అని పడింది, తర్వాతి ముద్రణల్లో సరిచేశారు. తర్వాత హోసె అర్గుయెజెస్ 1987 ఆగస్టు 16, 17న ప్రపంచమంతా ధ్యానం చేయాలని పిలిచి, 2012ని కొత్తయుగం వైపు తిప్పాడు. నిబిరు అనే ఊహా గ్రహం కథ వేరే దారి. నాన్సీ లీడర్ అనే ఆవిడ అది 2003 మే నెలలో వచ్చి ఢీకొంటుందంది. రాలేదు. ఆ గ్రహాన్ని తర్వాత 2012కి జరిపారు. 2009లో హాలీవుడ్ సినిమా వచ్చాక ఈ ముక్కలన్నీ ఒకే మూటయ్యాయి.

ఖగోళం
నిబిరు గురించి ఒక్కటి. 2012 డిసెంబర్‌లో భూమిని తాకాల్సిన గ్రహం అంతకు ఏడాది ముందే మామూలు కంటికి కనపడాలి. రోజూ రాత్రి టెలిస్కోపులు పెట్టుకునే వేల మంది అమెచ్యూర్లు దేశదేశాల్లో ఉన్నారు, ఏ ప్రభుత్వం ఎవరి కళ్లు మూస్తుంది? వైజ్ అనే ఉపగ్రహం ఆకాశమంతా పరారుణ కాంతిలో జల్లెడపట్టింది, ఫలితాలు 2014లో వచ్చాయి. భూమికి సూర్యుడికి ఉన్న దూరానికి 10,000 రెట్ల దూరం దాకా శనిగ్రహం అంతది ఏదీ లేదు. 26,000 రెట్ల దాకా గురుగ్రహం అంతది లేదు.

గెలాక్సీ మధ్యగీత మీదకి సూర్యుడు వస్తాడన్న వాదం. డిసెంబర్ ఆయనం నాటి సూర్యుడు ఆ గీతకి బాగా దగ్గరగా వచ్చింది 1998లో, జాన్ మీయస్ లెక్క. సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు, ఆ స్థానం 72 ఏళ్లకి ఒక డిగ్రీ జరుగుతుంది. అంటే బింబం గీతని దాటడానికే 36 ఏళ్లు. అందులోంచి ఒక్క రోజుని ఏరి డిసెంబర్ 21 అనడానికి వీల్లేదు. సౌర తుఫాను మాటకొస్తే, ఆ సౌరచక్రం పతాకస్థాయి 2012లో కాదు, 2014 ఏప్రిల్‌లో. అది కూడా వందేళ్లలో బలహీనమైనది.

వేపచెట్టు
నవ్వుకుని వదిలేస్తే పోయేదానికి ఇంత అవసరమా అనిపిస్తుంది ఒక్కోసారి.

ఖగోళం
అవసరమే అండీ. నాసాలో డేవిడ్ మోరిసన్ అనే శాస్త్రవేత్త ఆ రోజుల్లో జనం ప్రశ్నలకి వేలల్లో జవాబులు రాశారు. భయంతో నిద్రపట్టని పిల్లల ఉత్తరాలు, చచ్చిపోదామనుకుంటున్నామన్న ఉత్తరాలు కూడా వచ్చాయని ఆయన చెప్పారు. పెద్దవాళ్లు నవ్వుకుని వదిలేస్తారు, పన్నెండేళ్ల పిల్ల వదిలేయలేదు.

పంచాంగం_పిచ్చి
మన దగ్గరా ఇదే. 1962 ఫిబ్రవరి 3 నుంచి 5 దాకా అష్టగ్రహ కూటమి, మకరరాశిలో ఎనిమిది గ్రహాలు. దేశమంతా యజ్ఞాలు చేశారు. 1979 జులై 11న స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం పడేముందు తెలుగు ఊళ్లలో కోళ్లు, మేకలు కోసుకు తిన్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అది హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడింది. అష్టగ్రహంలో ఎనిమిదోది కేతువు అని గుర్తుంచుకోండి, అది గ్రహపిండం కాదు, చంద్రుడి దారి సూర్యుడి దారిని కోసే చోటు.

సందేహం
మాస్టారూ, ఏ తేదీనైనా మాయా లెక్కలోకి మార్చడం నేర్పండి. మెసేజ్ పంపినవాళ్ల చేతే వేయిస్తా.

లెక్కలమాస్టారు
ముందు ఆ తేదీకి జూలియన్ దినసంఖ్య కావాలి, అంటే ఖగోళశాస్త్రంలో రోజుల్ని ఎడతెగకుండా లెక్కపెట్టే సంఖ్య. 2000 జనవరి 1కి అది 24,51,545. అక్కణ్ణించి ముందుకో వెనక్కో రోజులు లెక్కపెట్టుకోండి. 1947 ఆగస్టు 15 తీసుకుందాం, 19,132 రోజులు వెనక్కి, 24,32,413.

దాంట్లోంచి మాయా లెక్క మొదలైన రోజు దినసంఖ్య 5,84,283 తీసేయండి. 18,48,130.

1,44,000తో భాగిస్తే 12, శేషం 1,20,130. శేషాన్ని 7200తో, 16, శేషం 4930. దాన్ని 360తో, 13, శేషం 250. దాన్ని 20తో, 12, శేషం 10. కాబట్టి 12.16.13.12.10.

260 రోజుల చక్రంలో అంకె కోసం మొత్తం రోజుల్ని 13తో భాగించి శేషానికి 4 కలపాలి, 13 దాటితే 13 తీసేయాలి. ఇక్కడ శేషం 11, 11 + 4 = 15, అంటే 2. రోజు పేరు చివరి అంకె చెబుతుంది, 0 అయితే అహౌ, 1 ఇమిష్, అలా పదోది ఓక్. 2 ఓక్.

సందేహం
వేరే సైట్లో చూస్తే 12.16.13.12.8, 13 లమాత్ అని వచ్చింది. రెండు రోజులు తేడా. ఎవరిది తప్పు?

లెక్కలమాస్టారు
అక్కడ తీసేసింది 5,84,285. కొందరు పండితులు అది వాడతారు. దాని ప్రకారం 13.0.0.0.0 డిసెంబర్ 23న వస్తుంది. 2012లో 21, 23 రెండూ వినపడింది అందుకే.

రాతిబొమ్మ
5,84,283 వైపు గట్టి సాక్ష్యం బతికి ఉన్న మనుషులు. గ్వాటెమాలా కొండల్లో మోమోస్తెనాంగో లాంటి చోట్ల కిచె మాయా పెద్దలు 260 రోజుల లెక్కని ఇప్పటికీ తప్పకుండా నడుపుతున్నారు, ఆ లెక్క దీంతో కలుస్తుంది. దీర్ఘగణన వాడుక పోయింది కానీ ఇది పోలేదు. 2012 డిసెంబర్ 22న కూడా వాళ్లు మామూలుగా తర్వాతి రోజు లెక్కపెట్టుకున్నారు.

మాయా తేదీలకీ మన తేదీలకీ కట్టిన మొత్తం సమన్వయం దాదాపుగా సరైనదని కర్బన పరీక్ష కూడా చెప్పింది. టికాల్ 1వ గుడిలో ద్వారం పైన చెక్కిన దూలం ఉంది. దాని పెరుగుదల వలయాల నుంచి నమూనాలు తీసి డగ్లస్ కెన్నెట్ బృందం 2013లో ఫలితాలిచ్చింది, గుడి మీది తేదీలతో సరిపోయింది. ఆ దూలం సపోటా కలప. మనం తినే సపోటాయే, ఆ చెట్టు పుట్టిల్లు అదే. చెట్టు గట్టిది గనక వెయ్యేళ్ల పైన ఆ తడి అడవిలో నిలిచింది.

చందమామ
సపోటా అక్కడిదా! ఇది మాత్రం ఇంట్లో అందరికీ చెప్తా.

గోదారిగట్టు
తర్వాతి పెద్ద తేదీ ఎప్పుడు? దానికి ఇప్పుడే జవాబు రాసిపెట్టుకుంటా.

లెక్కలమాస్టారు
బక్తున్ మారేది, 14.0.0.0.0, 2407 మార్చి 26.

సందేహం
మాస్టారూ, మెసేజ్‌లో ఉన్న 2020 జూన్ 21కే వేశాను, చూడండి. దినసంఖ్య 24,59,022. తీసివేస్తే 18,74,739. 13 బక్తున్‌లు పోగా 2739. కతున్ 0. 360తో 7, శేషం 219. 20తో 10, శేషం 19. 13.0.7.10.19. పదమూడుతో శేషం 9, నాలుగు కలిపితే 13. పేరు పంతొమ్మిదోది, కవాక్. 13 కవాక్.

లెక్కలమాస్టారు
సరిపోయింది. బక్తున్ కాదు, కతున్ కాదు, తున్ కూడా నిండలేదు. మర్నాడు ఒక వినాల్ నిండింది, 13.0.7.11.0, 1 అహౌ. అలాంటిది ప్రతి 20 రోజులకీ ఒకటి వస్తుంది.